తోకాయన రాసిన ‘కూర్చోరాదు’

మా వీధిలో బోర్డులు రాసే అబ్బాయిని అందరూ తోకాయన అంటారు. ఆ పేరు పెట్టింది నేను కాదు, వాళ్ళావిడ. నేను దాన్ని నాలుగిళ్ళకీ చేరవేశాను, అంతే.

తోక ఉన్నది ఆయనకి కాదు, ఆయన రాసే అక్షరాలకి. రేకు మీద ఏం రాసినా సరే, చివరి అక్షరం దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగదు. బ్రష్షు అలా పక్కకి జారి, కిందికి దిగి, ఒక మెలిక తిరిగి, మళ్ళీ పైకి లేచి, ఎక్కడో రేకు అంచున పడుకుంటుంది. "సైకిళ్ళు బాగుచేయబడును" అని రాశాడంటే ఆ "ను" తోక పట్టుకుని పిల్లలు ఉయ్యాల ఊగొచ్చు.

"ఎందుకు నాయనా ఆ తోకలు?" అని ఒకసారి నిలదీశాను.

"బ్రష్షులో రంగు మిగిలిపోతుంది పిన్నిగారూ. దాన్నేం చెయ్యమంటారు?"

"డబ్బా అంచుకి తుడిచెయ్యి."

నన్ను ఎలా చూశాడనుకున్నారు! చంటిపిల్లని తీసుకెళ్ళి చెత్తకుండీలో వెయ్యమన్నట్టు చూశాడు.

మనిషి సన్నగా పొడుగ్గా ఉంటాడు. చెవి మీద ఎప్పుడూ ఒక బ్రష్షు ఉంటుంది. దాన్ని చెవి మీద పెట్టుకునే ఇల్లంతా వెతుకుతాడు. ఆయన చొక్కా చూస్తే ఆ వారం ఏ కొట్టుకి రాశాడో చెప్పెయ్యొచ్చు. వాళ్ళ ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడ. ముందు గదిలో ఆవిడ కుట్టుమిషను, వెనక వరండాలో ఈయన రంగు డబ్బాలు. మా రెండిళ్ళ మధ్య గోడకి ఒక చిన్న కిటికీ ఉంది. అది ఎవరు పెట్టించారో, ఎందుకు పెట్టించారో తెలియదు గానీ, నా కోసమే అని నా గట్టి నమ్మకం.

ఆవిడ మాటా చేతా రెండూ సూటి. గుడ్డ మీద సుద్దముక్కతో గీత గీసిందంటే కత్తెర దాని మీద కళ్ళు మూసుకుని నడవాల్సిందే. కొత్త బట్టలకి టర్పెంటైన్ వాసన పడుతోందని ఈయన్ని రోజుకోసారి వరండా చివరికి తరుముతుంది. ఈయన వెళ్తూ వెళ్తూ గుమ్మం మీద ఒక మెలిక గీసిపోతాడు.

బోర్డు ఎలా ఉండాలో ఆయన దగ్గర వింటే ఎవరైనా పడిపోతారు. "ముఖ్యమైన మాట పెద్దగా ఉండాలి పిన్నిగారూ. నడిచిపోయే మనిషి ఆగడు. కన్ను ముందు దాని మీదే పడాలి. మిగతాది చిన్నగా ఉన్నా ఫరవాలేదు." వినడానికి ఎంత బాగుంది! ఆ లెక్కనే మా వకీలుగారి గేటుకి ఒక బోర్డు రాశాడు. ఆయనకి రెండు సంగతులు చెప్పాలి. తాను ఇంట్లోనే ఉన్నానని ఒకటి, కుక్క ఉందని ఒకటి. రెంటికీ కలిపి ఒకే రేకు ఇచ్చాడు. మనవాడు ముఖ్యమైన మాటలు మూడు ఏరి అరచెయ్యంత అక్షరాల్లో రాశాడు. మిగతావన్నీ సందుల్లో చీమల్లా సర్దాడు. రోడ్డు మీంచి చూస్తే కనబడేది ఇంతే: "వకీలు కుక్క జాగ్రత్త".

వకీలుగారు కోప్పడతాడేమోనని నేను పనిగట్టుకుని ఆ గేటు ముందు రెండు పూటలూ నడిచాను. కోప్పడలేదు. కేసులు తెచ్చే పార్టీలు పెరిగారట. కరిచే వకీలు దొరకడం కష్టం కదా అని ఎవరో అన్నారట.

ఇంకొకటి మందుల షాపుది. దానికి రెండు షట్టర్లు. ఈయన కొలతలన్నీ తీసి, అక్షరాలు సమానంగా రావాలని ఎడమ షట్టరు మీద "మందు" అనీ, కుడి షట్టరు మీద "ల షాపు" అనీ రాశాడు. రెండూ దించి ఉన్నప్పుడు చూడముచ్చటగా ఉంది. కానీ మధ్యాహ్నం పూట షాపాయన కుడిది ఒక్కటే ఎత్తి, ఎడమ దాని వెనక కునుకు తీస్తాడు. ఇక చూడండి! ఎప్పుడూ ఆ ఛాయలకి రాని మగాళ్ళు కూడా తువ్వాలు ముఖానికి చుట్టుకుని రావడం మొదలుపెట్టారు.

"చల్లటిది ఉందా?"

"సిరప్పా? దగ్గుకా, జ్వరానికా?"

"దుఃఖానికి."

ఇలాంటివి ఎన్ని జరిగినా ఈయనకి పని తగ్గలేదు. ఆ అక్షరాల్లో ఒక కళ ఉండేది. కింద నిలబడి చదువుతుంటే ఎవరో మనతో మాట్లాడుతున్నట్టే ఉండేది. కానీ వీధి చివర ఫ్లెక్సీల షాపు వచ్చింది. అక్కడ కంప్యూటర్లో కొట్టి, గోడంత బొమ్మ అచ్చేసి, చాపలా చుట్టి చేతిలో పెడుతున్నారు. ఇచ్చినరోజే అయిపోతుంది. తోక ఉండదు, వాసన ఉండదు. ఒక్కొక్కరే అటు జారుకున్నారు. సైకిళ్ళాయన కూడా వెళ్ళాడు. ఆయన ఫ్లెక్సీ మీద సైకిలు కంటే ఆయన ముఖమే పెద్దదిగా ఉంది. ఎవరి పంక్చరో తెలియక జనం తికమకపడ్డారు.

కుట్టావిడకి ఒక అన్నయ్య ఉన్నాడు. ఊరి బయట లారీలు తూచే కాటా నడుపుతాడు. అక్కడ ఒక కుర్చీ ఖాళీగా ఉంది, బావ వచ్చి కూర్చుంటే చాలని ఎప్పటినుంచో అంటున్నాడు. ఒక పొద్దున కిటికీలోంచి నాకు ఈ మాటలు వినబడ్డాయి. నేను చెవి పెట్టలేదు, చెవి అక్కడే ఉంది.

"మూల మీద కొత్త మేడ లేచింది చూడు. అన్నీ అద్దె గదులు, ప్రతి గదికీ బోర్డు కావాలి. ఆ బోర్డులన్నీ నీకు వస్తే సరే. రాకపోతే బ్రష్షులు కడిగేసి మా అన్నయ్య దగ్గరికి వెళ్తావు. ఇక దీనికి తోక తగిలించకు."

"ఆ కాటా దగ్గర అంకె కూడా మిషనే కొట్టేస్తుందే. నా చేతికి రాయడానికేం ఉంటుంది?"

"చెయ్యి ఊరికే ఉంటే అరిగిపోదులే."

ఆవిడ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆయన చెవి మీది బ్రష్షు తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు. అదీ సంగతి. ఆ మేడ బోర్డులు వస్తే మనిషి మనకి దక్కుతాడు, లేకపోతే లారీల పాలవుతాడు.

ఆ మేడ కట్టినాయన ఇనుప కొట్టు నడిపి నడిపి అమ్మేసిన మనిషి. మేడాయన అంటాం. ముఖం చూస్తే ఇంకా ఇనుము తూస్తున్నట్టే ఉంటుంది. ఆయన మేడకి ముందు నల్లరాతి మెట్లు వేయించాడు. ఎంత నున్నగా, ఎంత చల్లగా ఉంటాయో! పైగా ఎండ పడదు. వీధిలో జనం అందరూ వచ్చి వాటి మీదే చేరారు. అద్దెకి గదులు చూడ్డానికొచ్చిన వాళ్ళకి పైకి ఎక్కే దారి లేదు. ఆయన తోకాయన్ని పిలిచాడు.

"ఇక్కడ కూర్చోరాదు అని ఒక్క బోర్డు రాయి. అది చూసి జనం లేస్తే మేడ మొత్తం బోర్డులు నీకే. లేవకపోతే ఫ్లెక్సీ వాడికే."

ఒక్క బోర్డు, రెండే మాటలు. అయినా తోకాయన దాని మీద పెట్టిన శ్రద్ధ నేను కిటికీలోంచి కళ్ళారా చూశాను. రేకుకి రెండుసార్లు తెల్లరంగు పూశాడు. దారం కట్టి గీతలు కొట్టాడు. నీలం అక్షరాలు, వాటికి పక్కన సన్నటి ఎరుపు నీడ. "కూర్చోరా" దాకా కొలిచినట్టు వచ్చింది. అప్పుడు "దు" వచ్చింది. ఎదురుగా ఇంకా జానెడు ఖాళీ రేకు, చేతిలో నిండా రంగున్న బ్రష్షు. ఇక ఆగుతాడా! ఆ కొమ్ము అలా పైకి లేచి, వంపు తిరిగి, హాయిగా సాగి సాగి, చివరికి ఒక పువ్వై విచ్చుకుంది.

మర్నాడు మేడాయన దాన్ని తానే మెట్ల పక్క గోడకి కొట్టాడు. ఇనుప కొట్టు మనిషికి మేకులకి కరువా? ఒక్కొక్కటి వేలెడు పొడుగు. నాలుగు మూలలా దిగ్గొట్టి, ఎందుకో మధ్యలో కూడా ఒకటి వేసి లోపలికి వెళ్ళిపోయాడు.

నేను కూరలు కొనుక్కుని వస్తున్నాను. బోర్డు కనబడితే చదవకుండా పోయే అలవాటు నాకు లేదు. ఆగి, పైకే చదివాను. "ఇక్కడ కూర్చోరాదూ..."

అబ్బ! నా చెవులకే ఎంత హాయిగా ఉందో. ఇనుప ముఖం వెనక ఇంత మెత్తటి మనసుందా! అంత ఆప్యాయంగా పిలుస్తుంటే విననట్టు పోతే బాగుంటుందా? సంచీ పక్కన పెట్టి కూర్చున్నాను. వెనకాల వస్తున్న పాలావిడ చదివింది, కూర్చుంది. రిటైరైన మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. "మర్యాద ఇంకా మిగిలే ఉందన్నమాట" అని గొడుగు ముడిచి కూర్చున్నారు. అంతకుముందు మొహమాటపడి కూర్చోని వాళ్ళు కూడా ఆరోజు వచ్చి కూర్చున్నారు.

మేడాయన బయటికొచ్చి నోరెళ్ళబెట్టాడు.

"ఏమండీ, మీకెవరికీ చదువు రాదా?"

"వచ్చండీ," అన్నాను. "వచ్చు కాబట్టే కూర్చున్నాం."

"ఏముందక్కడ?"

"కూర్చోరాదూ అనుంది. అంత ఇదిగా పిలిస్తే కాదనలేకపోయాం."

"కూర్చోరాదు అంటే కూర్చోకూడదని!"

"దకి కొమ్మిస్తే దు. అప్పుడు కూర్చోకూడదు. ఇది కొమ్ముదీర్ఘం. దకి కొమ్ముదీర్ఘమిస్తే దూ. ఇది రండి, కూర్చోండి అనడం. ఐదో క్లాసు దాకా చదివిన దాన్ని, ఆ మాత్రం తెలియదా? పైగా పువ్వు కూడా వేయించారు. కూర్చోవద్దనే వాళ్ళెవరైనా పువ్వు వేయిస్తారా?"

మాస్టారు తల ఊపారు. మేడాయన బోర్డు దగ్గరికి వెళ్ళి, అక్షరాల మీద వేలు పెట్టి, తానూ పైకే చదివాడు. "ఇక్కడ కూర్చోరాదూ..." ఆయన గొంతులోంచి అంత తియ్యటి మాట రావడం వీధిలో ఎవరూ అంతకుముందు వినలేదు. ఆయన కూడా వినలేదనుకుంటా, ఉలిక్కిపడ్డాడు. వెంటనే బోర్డు పీకబోయాడు. తన మేకులు తనకే రాలేదు.

తోకాయన్ని పిలిపించి గట్టిగా అరిచాడు. తోకాయన చేతులు కట్టుకుని, "సార్, ఇంకొక్క అవకాశం ఇవ్వండి. ఈసారి అసలు రాదు అనే మాటే వాడను" అన్నాడు.

రెండో బోర్డు మీద "దయచేసి ఇక్కడ కూర్చోకండి" అని రాద్దామనుకున్నాడు. మంచి మాటే. మాట చివర ఇకారం, తోక కుదరదని ధైర్యం. కానీ ఈసారి "దయచేసి" అనే మాటే ముఖ్యమని దాన్ని ఏనుగంత రాశాడు. "కూర్చో" దగ్గరికి వచ్చేసరికి రేకు అయిపోయింది. "కండి" కింది వరసలోకి దిగింది. అదీ ఓ మూలకి, బిక్కుబిక్కుమంటూ. మొదటి బోర్డు కింద తగిలించాక అదైనా కనబడేదే. కానీ మేడాయన జనాన్ని అడ్డుకోవాలని రెండు పెద్ద పూలకుండీలు తెచ్చి మెట్ల పక్కన పెట్టించాడు. ఒకటి సరిగ్గా ఆ "కండి" ముందే కూర్చుంది.

పొద్దున్నే మాస్టారు వచ్చి చదివారు. ముఖం ఎర్రబడింది.

"చూశారా అమ్మా! ‘దయచేసి ఇక్కడ కూర్చో’ అట! ఈ వయసులో నన్ను ‘కూర్చో’ అంటాడా? ‘కూర్చోండి’ అంటే వీడి సొమ్మేం పోయింది?"

"అన్యాయమండీ," అన్నాను జరిగి చోటిస్తూ.

"మొన్నటి బోర్డులో ఉన్న మర్యాద ఇందులో లేదు. అసలు కూర్చోకూడదు నేను," అంటూ కూర్చున్నారు. మేడాయన రాగానే లేచి, ఏకవచనం గురించి గట్టిగా నాలుగు మాటలు చెప్పి, మళ్ళీ కూర్చున్నారు. ఆ రోజు మెట్ల మీద చోటు చాలక, వెనకొచ్చిన వాళ్ళు కుండీల అంచుల మీద కూర్చున్నారు.

"ఐపోయింది," అన్నాడు మేడాయన తోకాయనతో. "ఇక నీ అక్షరం నాకొద్దు."

ఆ సాయంత్రం కిటికీలోంచి మాటలేం వినబడలేదు. మాటలు వినబడకపోతే నాకు అన్నం దిగదు. ఉప్పు అడిగే వంకన వెళ్ళాను. ఆవిడ ఇస్త్రీ చేస్తోంది, తెల్లచొక్కా. ఒక్క రంగు మరక లేదు. కాటా దగ్గర వేసుకోవడానికట. ఆయన వరండాలో బ్రష్షులు కడిగి, పొడుగు వారీగా పేర్చి, గుడ్డలో చుడుతున్నాడు. ఉప్పు తీసుకోకుండానే వచ్చేశాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది.

ఆ మర్నాడే కాటా అన్నయ్య వచ్చాడు బావని తీసుకెళ్ళడానికి. భారీ మనిషి, కాటా మీద తానూ ఒకసారి ఎక్కి చూసుకుంటాడేమో అనిపిస్తుంది. ఆవిడా, తెల్లచొక్కాలో ఆయనా, వాళ్ళని సాగనంపుతూ నేనూ, అందరం బస్సు కోసం మూల దాకా నడిచాం. బస్సు రాలేదు. ఎదురుగా నల్లరాతి మెట్లు. అన్నయ్య బోర్డు చదివాడు. "ఇక్కడ కూర్చోరాదూ... ఆహా, ఎవరో గానీ మంచివాళ్ళు" అని మాస్టారి పక్కన కూలబడ్డాడు.

"నువ్వు చదివింది మా ఆయన రాసిందే," అంది ఆవిడ.

"బావా! నువ్వు రాశావా? చదవగానే కాళ్ళు వాటంతటవే కూర్చున్నాయి!"

తోకాయన తల దించుకున్నాడు. "అదే బావగారూ నా కొంప ముంచింది."

అదే సమయంలో కింది గది చూడ్డానికి ఒక టీ కొట్టాయన వచ్చాడు. మేడాయన జనాన్ని తప్పిస్తూ, తిడుతూ, ఆయన్ని పైకి తీసుకొస్తున్నాడు. టీ కొట్టాయన గది చూడనే లేదు. మెట్లే చూస్తున్నాడు.

"ఇంతమంది రోజూ ఉంటారా?"

"ఉండరండీ, వీళ్ళని పంపించేస్తాను," అన్నాడు మేడాయన కంగారుగా.

"పంపిస్తే నాకు గది వద్దు. అసలు వీళ్ళందరూ ఎందుకొచ్చారు?"

"బోర్డు పిలిచింది, వచ్చాం," అన్నాను. మేడాయన నాకేసి చూసిన చూపుకి పక్కనున్న పాలావిడ జరిగింది.

టీ కొట్టాయన బోర్డు దగ్గరికి వెళ్ళి, మనసులో ఒకసారి, పైకి ఒకసారి చదివాడు. తోక మీద వేలు పెట్టి పువ్వు దాకా నడిపించాడు. "ఇదే నా కొట్టు పేరు," అన్నాడు. "కూర్చోరాదూ! టీ తాగమని వేరే చెప్పక్కర్లేదు. కూర్చున్నవాడు ఎలాగూ తాగుతాడు. గది తీసుకుంటాను, కానీ ఈ బోర్డు రాసిన చేత్తోనే నా బోర్డు రాయించాలి. ఇంకా పెద్ద తోక కావాలి."

తోకాయన చెయ్యి దానంతటదే చెవి మీదికి వెళ్ళింది. అక్కడ బ్రష్షు లేదు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. అప్పుడు కుట్టావిడ చేతిసంచీలోంచి గుడ్డమూట తీసి ఆయన చేతిలో పెట్టింది. కాటాకి వెళ్తూ బ్రష్షులెందుకు తెచ్చావమ్మా అని నేను అడగబోయి, మొదటిసారిగా ఒక ప్రశ్న మింగేశాను. మీరే అర్థం చేసుకోండి.

మేడాయన మాత్రం ఒక పట్టాన దిగిరాలేదు. "కొట్టులో ఎంతమంది కూర్చున్నా సరే. నా మెట్ల మీద కూర్చోకూడదు! పై గదులకి దారి కావాలి. ఆ బోర్డు సరిగా వస్తేనే మిగతా గదుల బోర్డులు." మాటకి నిలబడే మనిషేలెండి, మేకులాగే.

తోకాయన వరండాలో పాత రేకు ముక్కల మీద "దు" సాధన చేశాడు. మేం అందరం చుట్టూ నిలబడ్డాం. దూ వచ్చింది. మళ్ళీ దూ. కాటా అన్నయ్య మోచెయ్యి పట్టుకున్నాడు, ఈసారి ‘దూ’కి తోడు ఒక పువ్వు కూడా వచ్చింది. వరండా అంతా రండి, కూర్చోండి, పడుకోండి అన్నట్టు తయారైంది.

ఆవిడ విసిగిపోయి లేచి వచ్చింది. "లే. ‘కూర్చోరా’ దాకా నువ్వు రాయి." ఆయన రాశాడు. బ్రష్షు ఆవిడ అందుకుంది. కాలర్ దగ్గర కుట్టు ముగించినట్టు చిన్నగా "దు" వేసి, టక్కున పైకి తీసేసింది. బ్రష్షులో రంగు మిగిలింది. ఆయన చూడలేక ముఖం అటు తిప్పుకున్నాడు. ఆవిడ ఆ రంగుని ఆయన తెల్లచొక్కా జేబు మీద తుడిచేసింది.

గోడకున్న పాత బోర్డుల్ని మేకులతో సహా కాటా అన్నయ్యే ఊడబీకాడు. ఇప్పుడు మా మూల మీద రెండు కొత్త బోర్డులూ పక్కపక్కనే ఉన్నాయి. టీ కొట్టు మీద "కూర్చోరాదూ", మెట్ల మీద "కూర్చోరాదు". ఒక్క గుక్కలో చదివితే మొగుడూ పెళ్ళాం గొడవపడుతున్నట్టే ఉంటుంది. కొట్టులో బెంచీలు నిండితే మాస్టారు టీ గ్లాసు పట్టుకుని రెంటి మధ్యా నిలబడి, ఎవరి మాట వినాలో తెలియక అక్కడే తాగేస్తారు. మేడ గదులన్నిటికీ తోకాయనే రాస్తున్నాడు. పంటి డాక్టరు బోర్డు మీద పళ్ళు అనేసరికి మామిడిపండు వెయ్యబోయాడు, కిటికీలోంచి నేనే ఆపాను.

కాటా అన్నయ్య వెళ్ళేముందు తనకీ ఒక బోర్డు చెప్పాడు. "కాటాకి అడ్డంగా నిలబెడుతున్నారు బావా. లారీలు ఇక్కడ ఆపరాదు అని రాయి."

తోకాయన ఉత్సాహంగా రేకు తీశాడు. లోపల కుట్టుమిషను ఆగిపోయింది.

"ఏయ్, ఆగు! ఆ చివరక్షరం నాది!"